మావయ్య నేర్పిన గెట్టు

మేం కుర్రాళ్ళుగా ఉన్న ముప్ఫైల నాటి రోజుల్లో ఇంగ్లీషు ముక్క వచ్చినవాడికి జరిగే మర్యాద ఇప్పటివాళ్ళకు చెబితే నవ్వుతారు. ఇప్పుడు వీధిలో గోళీలాడుకునే పిల్లలు కూడా అవుటూ నాటవుటూ అని కొట్టుకు చస్తున్నారు గాని, అప్పట్లో తాడేపల్లిగూడెం దగ్గర మా పల్లెకి టెలిగ్రాం వచ్చిందంటే, అందులో ఏముందో తెలిసేలోపలే ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక విడత ఏడ్చేసేవారు. చదివి చెప్పేవాడు దొరికాక అది శుభవార్త అని తేలితే, ఏడ్చిన ఏడుపంతా దండగైపోయిందే అని నొచ్చుకునేవారు. (మా మేనత్తకి మనవడు పుట్టిన సంగతి అలాగే తెలిసింది. ఆ మనవడికి ఇప్పటికీ ఏడుపుమొహం అని పేరు.) అటువంటి ఊళ్ళో, అటువంటి కాలంలో, మాకు ఇంగ్లీషు మాట్లాడే మావయ్య ఒకడు ఉండేవాడు.

అమ్మకి స్వయానా అన్న. ఏలూరులో కాలవల మీద పెత్తనం చేసే ఒక దొరగారి బంగళాలో బట్లరు. తెల్ల కోటూ, ఇత్తడి బొత్తాలూ, తలకి పాగా పెట్టుకుని పండక్కి మా ఇంటికి వస్తే, ఎదురింటివాళ్ళు అరుగు మీద లేచి నిలబడేవారు. మా నాన్నగారు మిషను బడిలో పంతులు, ఆదివారం వస్తే చర్చిలో ఉపదేశి. ఆయన దేవుడికి భయపడేవారు, మావయ్యకి భయపడేవారు, ఇంకెవరికీ భయపడేవారు కాదు.

నాకు పద్దెనిమిదో ఏడు నడుస్తోంది. ఎనిమిదో తరగతి ఎలాగో గట్టెక్కి రెండేళ్ళుగా ఇంటిపట్టునే ఉన్నాను. ఆ చలికాలంలో ఏలూరు ట్రైనింగు స్కూల్లో ఒక సీటు ఖాళీ అయిందని కబురు వచ్చింది. అందులో చేరిన కుర్రాడెవడో మధ్యలో రైల్వేలో పని దొరికి వెళ్ళిపోయాడట. ఆ సీటు వస్తే నేనూ పంతుల్ని అవుతాను. రాకపోతే చింతలపూడి వైపు మా బాబాయి పుగాకు చేలో పనికి వెళ్ళాలి. (నాకు పుగాకు వాసన తగిలితే చాలు కళ్ళు తిరుగుతాయి. బాబాయి అదీ ఒక ఒళ్ళు బద్ధకమే అనేవాడు.) సీటుకి ముగ్గురు పోటీ. తగిన పెద్దమనిషి ఎవరైనా ‘ఇతడు యోగ్యుడు’ అని రాసిచ్చిన కాగితం పట్టుకురావాలని స్కూలువారి నిబంధన. మిగతా ఇద్దరూ కరణాల దగ్గరా, మునసబుల దగ్గరా రాయించుకున్నారు. మేం ఏకంగా దొర దగ్గరే రాయిద్దామనుకున్నాం.

“దొరగారి చేత కాగితం రాయించడం నా పూచీ బావా,” అన్నాడు మావయ్య. “కానైతే కుర్రోణ్ణి ఊరికే తీసుకెళ్ళి నిలబెడితే బాగోదు. నాల్రోజులు నా కూడా బంగళాలో ఉంటే, పనీపాటా చూస్తారు. ఇంగ్లీషంటావా, అది నేను చూసుకుంటాను.” ఆ ‘చూసుకోవడం’ ఏమిటో రైల్లో తెలిసింది. తాడేపల్లిగూడెంలో బండి ఎక్కి కూర్చోగానే మావయ్య గొంతు తగ్గించి, “ఇంగ్లీషంతా ఒక్క ముక్కలో ఉందిరా. గెట్టు. అది ఒక్కటీ చేతిలో ఉంటే ఆ యెనకాల ముక్క మార్చుకోవడమే,” అన్నాడు. నేను నోటుపుస్తకం తీశాను. గెటప్ అంటే లేవడం. గెట్ డౌన్ అంటే దిగడం. గెటిన్ అంటే ఎక్కడం. గెటవుట్ అంటే మనం వెంటనే అక్కణ్ణించి మాయమైపోవడం. గెట్ టీ అంటే టీ తేవడం. ఇంతవరకూ బాగానే ఉంది. గెట్ ఫీవర్ అంటే జ్వరం రావడం అనేసరికి నా కలం ఆగింది. “జ్వరం కూడా తెచ్చుకోవడమేనా మావయ్యా?” “వాళ్ళకి ఏదీ దానంతటది రాదురా. కోపం గెట్టే, పెళ్ళి గెట్టే, ముసలితనం గెట్టే.” ముసలితనాన్ని కూడా ప్రయత్నం మీద సంపాదించుకునే జాతి మనల్ని ఏలడంలో వింతేముంది అనిపించింది. ఏలూరులో దిగేసరికి ఇరవై రెండు గెట్లు రాసుకున్నాను.

బంగళా గుమ్మంలో అడుగు పెట్టేముందు మావయ్య ఇంకొక సంగతి చెప్పాడు. అది అన్నిటికంటే ముఖ్యమట. “దొరగారి ముందు తెలుగు ముక్క నోట్లోంచి రాకూడదు. వంటవాడైనా, తోటవాడైనా, మా బంగళాలో ఇదే రూలు. మన బాస ఆయన చెవిన పడితే మన పరువు పోద్ది.” ఆ రూలు పెట్టింది దొర కాదనీ, మావయ్యేననీ నాకు అప్పుడు తెలియదు.

రెండు రోజులు బాగానే గడిచాయి. దొర నేను ఊహించుకున్నంత పెద్దవాడు కాదు. ఎర్రటి ముక్కూ, పల్చటి మీసమూ, ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టుండే మొహమూ. నన్ను చూసినప్పుడల్లా నోరు తెరిచి ఏదో అనబోయేవాడు. వెంటనే మావయ్య మధ్యకి దూరి, “యస్సార్, గెట్ సార్!” అని ఏదో ఒకటి తెచ్చి చేతిలో పెట్టేవాడు. దొర నిట్టూర్చి అది పుచ్చుకునేవాడు. మూడో నాడు దొర కొల్లేటికి పరజపిట్టల వేటకి వెళ్ళాలి. సరిగ్గా ఆ తెల్లవారుజామునే మావయ్య చలిజ్వరంతో రెండు దుప్పట్ల కింద గజగజ వణుకుతూ, “గెట్ ఫీవర్ అయ్యిందిరా,” అన్నాడు. కాబట్టి బుట్టా, టీ సామానూ పట్టుకుని దొర వెంట నేను బయలుదేరాను.

ఏలూరు నుంచి కొల్లేటి ఒడ్డుదాకా బండి మీద వెళ్ళాం. ఒడ్డున దొరకి టీ కాచి, రొట్టె కాల్చాను. (కాల్చడం అన్నమాట ఇక్కడ అక్షరాలా నిజం. దొర నల్లటి పెచ్చు గీకి, లోపల మిగిలినది మర్యాదగా తిన్నాడు.) అక్కణ్ణించి తాటిదోనె. తాటిమానుని తొలిచి చేసిన దోనె సంగతి తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకి ఇంతే చెబుతాను: అందులో కూర్చున్నవాడు గట్టిగా తుమ్మడానికి కూడా తోటివాణ్ణి అడగాలి. ముందు దొర, మధ్యలో నేను, వెనక గెడ వేస్తూ ఒక ముసలాయన. నీళ్ళ మీద మంచు తేలుతోంది, తుంగలో పిట్టలు కలకలమంటున్నాయి. ముసలాయన నా వీపు మీద మెల్లిగా తట్టి, “ఏవండీ అబ్బాయిగారూ, తుపాకీ పేల్చేటప్పుడు దొరగార్ని లెగొద్దని చెప్పండి. ఆయన లెగిస్తే మనం ముగ్గురం నీళ్ళలోకేనండి,” అన్నాడు.

ఇక్కడే నా చదువంతా బయటపడింది. రూలు ప్రకారం తెలుగులో చెప్పకూడదు. ఇంగ్లీషులో లేవడం ఎలాగో నాకు తెలుసు. లేవకపోవడం ఎలాగో మావయ్య చెప్పలేదు. నోటుపుస్తకం తీసి వెతకడం మొదలుపెట్టాను. ఇరవై రెండు గెట్లలో ఒక్కటైనా ‘వద్దు’ అనేది లేదు. (‘నో గెటప్ సార్’ అనవచ్చునని మూడు రోజుల తరవాత, స్నానం చేస్తుండగా తట్టింది.) ముసలాయన, “అయ్యో చెప్పండి బాబూ, చెప్పండి!” అంటున్నాడు. నేను రెండో పేజీలో ఉన్నాను. తుంగలోంచి పరజలు గుంపుగా లేచాయి. దొర కూడా లేచాడు.

కొల్లేరు అక్కడ మొలలోతే. ప్రాణభయం లేదు గాని, బురద మాత్రం పుష్కలంగా ఉంది. నేను తల పైకెత్తేసరికి దొర టోపీ ఒక పక్క, తుపాకీ ఒక పక్క, ఆయన నెత్తిన నాచూ. ‘అయిపోయింది,’ అనుకున్నాను. సీటు పోయింది, మావయ్య ఉద్యోగం పోయింది, నాకు పుగాకు చేనే గతి. ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుపుకి భాష లేదు కాబట్టి రూలు తప్పినట్టు కాదని ఏడ్వబోతుంటే, దొర నాచు తీసి పక్కన పెట్టి, నా వంక చూసి, “భయపడకుము,” అన్నాడు.

ఆ మాట ఆదివారం నాడు చర్చిలో తప్ప ఎక్కడా వినలేదు నేను. అదీ దేవదూతల నోటి వెంట. నీళ్ళలో అలాగే నిలబడి, “అయ్యగారికి తెలుగు వచ్చాండీ?” అన్నాను. రూలు గట్టు మీదే ఉండిపోయింది. “వచ్చును. కాని ఎవరును నాతో పలుకరు,” అన్నాడు దొర, ఎంతో దిగులుగా. “నీ మామ అసలే పలుకడు. ఈ వృద్ధుడు వేగముగా పలికెను, నాకు బోధపడలేదు.”

పక్కనున్న లంక దిబ్బ మీదకెక్కి, ముసలాయన తలగుడ్డలో తడవకుండా మిగిలిన చుట్టా అగ్గిపెట్టే తీసి, ఎండు తుంగ పోగేసి మంట వేస్తే ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. దొర జేబులోంచి మైనపుగుడ్డలో చుట్టిన ఒక పుస్తకం తీశాడు. నాదానిలాంటిదే, అట్ట మాత్రం మంచిది. దొరలకి కూడా తెలుగు పరీక్ష ఉంటుందట. ఈయన ఇప్పటికి రెండుసార్లు తప్పాడట! తెల్లవాళ్ళు కూడా పరీక్ష తప్పుతారని తెలిశాక నాకు ఆ చలిలోనూ ఒళ్ళు కాస్త వెచ్చబడింది. పుస్తకంలో ఒక పేజీ నిండా ‘పట్టు’ అని రాసుకున్నాడు. “నిద్ర పట్టుట, తుప్పు పట్టుట, దారి పట్టుట. ఇవి అన్నియు ఒకే పట్టుటయా? నిద్రను మనుష్యుడు పట్టునా, మనుష్యుని నిద్ర పట్టునా?” అని అడిగాడు. రెండు పరీక్షల్లోనూ ఇదే కొంప ముంచిందట.

నాకు తెలిసినంతవరకూ చెప్పడం మొదలుపెట్టాను గాని, అసలు పంతులు ముసలాయనే. చుట్ట ముట్టించి, “ఇందులో ఏవుందండి బాబూ,” అన్నాడు నిదానంగా. “చేపలు పడతామండి. దోనెకి నాచు పట్టిందండి. ఒడ్డుకెళ్ళడానికి గంట పట్టుద్దండి. తమరికిప్పుడు రొంప పట్టుద్దండి. నిరుడు మా ఆవిడికి దెయ్యం పట్టిందండి. మా వియ్యంకుడున్నాడు చూశారూ, ఆయనికివేవీ పట్టవండి.” దొర తడి వేళ్ళతో అన్నీ రాసుకున్నాడు. రాసుకుని వాడి చూశాడు. “నాకు ఈ దోనె పట్టలేదు,” అన్నాడు. “నా టోపీని కొల్లేరు పట్టెను,” అన్నాడు. “నీ మామకు ఇంగ్లీషు పట్టినది, దయ్యమువలె,” అన్నాడు. (ఆ చివరిదాన్ని దిద్దడానికి నాకు మనసు రాలేదు.) అలా రెండు గంటలు కూర్చున్నాం. ఆరబెట్టిన నా నోటుపుస్తకం కూడా అందుకుని చూశాడు. ఇరవై రెండు గెట్లూ చదివి, మొహం నీళ్ళ వైపు తిప్పుకున్నాడు. చాలాసేపు భుజాలు కదులుతూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్న దొర స్వహస్తాలతో కాగితం రాసిచ్చాడు. తెలుగులో. అంటించిన కవరు మీద విలాసం కూడా తెలుగే. అది చూసి మావయ్యకి తగ్గిన జ్వరం తిరగబెట్టింది. “దొర కాగితం తెలుగులో ఉంటే దాని మొహం ఎవడు చూస్తాడ్రా! ముప్పావు వంతు విలువ ఇంగ్లీషుకే గదా! తెలుగులో మాట్టాడావా ఆయనతో? నా కొంప తీశావు గదరా!” అని దుప్పటి ముసుగు పెట్టేశాడు. నేను ఆ కాగితం విప్పి చదవలేదు. అంటించిన కవరు విప్పకూడదన్న భయం ఒకటి, విప్పితే ఏముంటుందో అన్న భయం ఇంకొకటి.

ట్రైనింగు స్కూలు హెడ్మాష్టరుగారి కళ్ళజోడు ముక్కు చివర ఉండేది. కవరు చించి, కాగితం చూసి, నన్ను చూసి, “ఏమిరా, నా చెవిలో పువ్వు పెడుతున్నావా? దొరలు తెలుగులో రాస్తారా? ఈ అక్షరాలు చూస్తే ఒకటో తరగతి పిల్లాడు రాసినట్టున్నాయి. నువ్వే రాసుకున్నావు కదూ?” అన్నారు. కాదండీ అన్నాను. మిగతా ఇద్దరు కుర్రాళ్ళూ బల్ల మీద కూర్చుని నా వంక జాలిగా చూశారు. హెడ్మాష్టరుగారు నన్ను దులిపెయ్యడానికే కాబోలు, పైకి చదవడం మొదలుపెట్టారు. “‘ఈ చిన్నవానికి ఇంగ్లీషు రాదు. వంట రాదు. ఇతడు నాతో నుండగా నేను కొల్లేటిలో పడితిని. పిమ్మట ఇతడు నా తెలుగు తప్పులను రెండు గంటలు వినెను. ఒక్కసారియు నవ్వలేదు. పిల్లలకు ఇట్టి పంతులు కావలెను.’”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, రెండోసారి మనసులో చదువుకున్నారు. “దొంగకాగితం పుట్టించేవాడెవడూ తనకి ఇంగ్లీషు రాదనీ, వంట రాదనీ రాసుకోడు,” అన్నారు నెమ్మదిగా. “ఇది దొరగారిదే. వెళ్ళి పెట్టె తెచ్చుకో.”

దొర ఆ ఏడు పరీక్ష నెగ్గాడు. ఆ తరవాత బంగళాలో అందరితోనూ తెలుగే మాట్లాడేవాడట. “నా విలువంతా పోయిందిరా,” అని మావయ్య చనిపోయేదాకా నన్ను క్షమించలేదు, పండక్కి వచ్చినప్పుడల్లా నాకో జత బట్టలు తేవడమూ మానలేదు. నేను కొల్లేటి ఊళ్ళలో, ఆకివీడు చుట్టుపక్కలా ముప్ఫై ఏళ్ళు పంతులుగా పనిచేశాను. పాఠం అప్పజెబుతూ పిల్లలు ఎన్ని రకాల తప్పులు చెప్పేవారో! కొన్నిటికి పొట్ట చెక్కలయ్యేంత నవ్వొచ్చేది. అప్పుడల్లా ఆ కాగితం గుర్తుకొచ్చి, మొహం కిటికీ వైపు తిప్పుకునేవాణ్ణి. ఇప్పుడు, మావయ్య చెప్పినట్టు ముసలితనాన్ని కూడా గెట్టు చేసుకుని తీరుబడిగా కూర్చున్నాక, ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ రోజు దిబ్బ మీద నేను నవ్వకపోవడం నా గొప్పతనం కాదు. చలికీ, భయానికీ దవడలు బిగుసుకుపోయి నోరు నవ్వుకి సాగలేదు, అంతే. పాపం, దొర అది మంచితనం అనుకున్నాడు. ఆయన రాసిన మాట నిజం చెయ్యడానికి నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది.