పెండింగ్: నిల్

ఆ రోజుల్లో నాకున్న పనులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. వాటిని రాసుకునే పుస్తకాలకే గూడు చాలేది కాదు. ఎనభైల మొదట్లో ఢిల్లీలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరి, జియా సరాయ్‌లో ఒక మేడమీద గదిలో ఉండేవాణ్ణి. మా సెక్షన్ పెద్దాయన్ని అందరూ బడే బాబు అనేవారు. చేరిన వారానికే నాకు ఉపదేశం చేశాడు: "బేటా, కాగజ్ ఆగే బఢావో. అప్నా కామ్ ఖతమ్." కాగితాన్ని పక్క సెక్షన్‌కి తోసేసి మన రిజిస్టర్లో టిక్కు పెడితే, మన లెక్కలో అది అయిపోయినట్టే. వారాంతానికి టిక్కు లేనివేవీ కనపడకపోతే "పెండింగ్: నిల్" అని రాసి పైకి పంపుతాం. ఆ మాట నాకెంత నచ్చిందంటే, సొంత బతుకుని కూడా అలాగే నడపడం మొదలుపెట్టాను. పెద్ద పుస్తకం, వారం పుస్తకం, రోజు చీటీ. సబ్బు కొనాలన్నా ముందు పెద్ద పుస్తకంలో నంబరు పడాలి, అక్కణ్ణుంచి వారంలోకి, వారంలోంచి చీటీలోకి దిగాలి, దిగినచోటల్లా పైన టిక్కు పడాలి (ఈలోగా సబ్బు లేకుండా పది రోజులు గడిపిన మాట నిజమే).

నా గదిలోనే ఉండే తెనాలి మిత్రుణ్ణి అందరం కలెక్టరు అనేవాళ్ళం. సివిల్స్‌కి చదువుతుండేవాడు. వయసు లెక్కన అది వాడికి ఆఖరి ఏడు. నా జేబులో ఎర్ర పెన్ను, నీలం పెన్ను, ఆకుపచ్చ పెన్ను చూసి వాడికి ఒకటే నవ్వు. "ఒరే, ఆకుపచ్చ ఇంకు ఆఫీసర్లది. నువ్వు ముట్టుకోకు, నేను కలెక్టరయ్యాక వాడతా" అన్నాడు. నేనూ నిజంగానే దాన్ని ముట్టుకోలేదు.

ఆ ఏడు దరఖాస్తులు పెట్టే రోజుల్లోనే వాడికి కామెర్లు వచ్చాయి. కళ్ళు పచ్చబడి, మంచం దిగలేని స్థితి. ఫారం మాత్రం ఓపిక చేసుకుని నింపాడు, ఫొటో అంటించాడు. "కౌంటర్లో ఇచ్చి రసీదు తేరా. పోస్టుని నమ్మను, నిన్ను నమ్ముతా" అన్నాడు. ఇంకా వారం గడువుంది. నేను గర్వంగా పెద్ద పుస్తకం తీసి ఎర్ర ఇంకుతో రాశాను. వారం పుస్తకంలోకి పంపాను, టిక్కు. గురువారం చీటీలోకి పంపాను, టిక్కు. ఆ గురువారమే చీటీలో ఇంకో పని కూడా ఉంది: పెద్ద పుస్తకంలో పేజీలు అయిపోతున్నాయి, కొత్తది కొనాలి. దారిలో సరోజినీ నగర్ బజారు దగ్గర బస్సు దిగి, అట్ట గట్టిగా ఉన్నది వెతికి వెతికి కొనేసరికి కౌంటరు మూసే వేళయింది. సరే, ఈ పనిని తిరిగి పెద్ద పుస్తకానికి పంపుదామని చీటీ మీద టిక్కు పెట్టాను. తీరా పెద్ద పుస్తకం తెరిస్తే అక్కడ దానికి ముందే ఒక నంబరుంది. ఒకే విషయానికి రెండు నంబర్లు ఉండకూడదని మా ఆఫీసు నియమం, కాబట్టి మళ్ళీ రాయలేదు. ఆదివారం సాయంత్రం మూడూ తిరగేశాను. అన్నిటా టిక్కులే. "పెండింగ్: నిల్" అని రాసి, కింద రెండు గీతలు కొట్టి, హాయిగా కూర్చున్నాను. సోమవారం గడువు దాటింది.

బుధవారం వాడు గోడకి ఆనుకుని గంజి తాగుతూ, "రసీదేదిరా, పుస్తకంలో పెట్టుకుంటా" అన్నాడు. రసీదు ఉండే ఉంటుందని నేను ధీమాగా నా ఫైలు విప్పాను. ఫారం అందులోనే ఉంది. ఫొటోలోంచి వాడు, మంచం మీంచి వాడు, ఇద్దరూ నన్నే చూస్తున్నారు. మా ఇంటి ఓనరు ఆంటీ కుండలో నీళ్ళు పోద్దామని వచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, "క్యా హువా భయ్యా?" అంది. "కుఛ్ నహీ ఆంటీ. ఠీక్ హై" అన్నాడు వాడు, ఏమీ జరగనట్టే. అరిచినా, ఆ గంజి గిన్నె నా మీద విసిరినా బాగుండేది. వాడు గంజి మొత్తం తాగి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పుస్తకాలన్నీ పాత కాగితాలు కొనే కబాడీవాడికి తూకానికి వేసేశాను, అట్ట గట్టిగా ఉన్న కొత్తదాంతో సహా. మిగుల్చుకున్నది ఒక చిన్న చీటీ. దాని మీద ఒకటే పని: "వాడికి క్షమాపణ చెప్పాలి." అది రెండు నెలలపాటు చొక్కా నుంచి చొక్కాకి మారింది. ఒకే గదిలో ఉంటూ, ఒకే పొయ్యి మీద వండుకుంటూ, ఆ ఒక్క ముక్క చెప్పలేకపోయాను. ఊళ్ళో బడిపంతులు ఉద్యోగం దొరికిందని వాడు సామాను సర్దుకున్నాడు. స్టేషన్లో రైలు కదిలే ముందు, నాకు తన చిరునామా రాసిద్దామని పెన్ను కోసం నా జేబులో చెయ్యి పెట్టాడు. పెన్నుతోపాటు చీటీ కూడా వచ్చింది. చదివాడు. నేను పట్టాలు చూస్తూ నిలబడ్డాను. చేతికొచ్చిన పెన్ను ఆకుపచ్చది. ఆఫీసర్లు రాసినట్టే ఏటవాలుగా "చూశాను. ఫైలు మూసెయ్యవచ్చు" అని రాసి, కింద పొట్టి సంతకం గీకి, చీటీ నా జేబులో పెట్టి, "పోయొస్తాన్రా" అన్నాడు.

ఇప్పటికీ నా పద్ధతి అదే, రోజుకి ఒక చీటీ, చీటీకి ఒక పని. "ఈ మాత్రానికి కాగితం కూడా ఎందుకండీ" అని మా ఆవిడ వేళాకోళం చేస్తుంది. నవ్వి ఊరుకుంటాను. కలెక్టరుగా వాడు సంతకం పెట్టిన కాగితం లోకంలో అదొక్కటే, అది నా దగ్గరుంది. ఆకుపచ్చ ఇంకు వెలిసిపోయింది. ఫైలు మాత్రం మూయలేదు.