నవ్వినందుకు సమ్మె

కూలి పెంచమని సమ్మె చేసినవాళ్ళను చూశాను. బోనస్ కోసం చేసినవాళ్ళనూ చూశాను. నవ్వినందుకు జరిగిన సమ్మెను మాత్రం ఒక్కటే చూశాను, వరంగల్లులో, డెబ్బైల చివర్లో. అందులో నాకో పదవి కూడా దొరికింది. సమ్మె టెంటు కింద ఎవరూ నవ్వకుండా చూసుకోవడం ఆ పదవి. డిగ్రీ చదువుతున్న పిల్ల కాబట్టి ఆ బాధ్యతకు నేనే తగినదాన్నని పెద్దలు తీర్మానించారు. చదువుకు అంతకన్నా అవమానం ఉంటుందని నేననుకోను.

మొదటినుంచీ చెప్తాను. బజారులో మా నాయనకు కిరాణం దుకాణం ఉండేది. దాని వెనక సందు దాటితే పత్తి జిన్నింగు మిల్లు. పత్తిలోంచి గింజను వేరుచేసే ఆ మిషన్లకు పత్తి అందించేది అంతా ఆడవాళ్ళే. మడికొండ వైపు నుంచి, ఇంకా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పొద్దున్నే వచ్చేవారు. సాయంత్రానికి జుట్టూ కనుబొమలూ తెల్లబడి బయటపడేవారు. పోతూ పోతూ మా దుకాణంలో చాయ్‌పత్తా, బెల్లం కొనుక్కునేవారు. అట్లా వాళ్ళందరితో నాకు పరిచయం.

మిల్లు మేనేజరు ఊళ్ళో పెద్దమనిషి. ఎవరింట పెండ్లయినా పందిట్లో ముందు వరస ఆయనదే. జుట్టుకూ మీసానికీ నల్లరంగు వేసుకునేవాడు. ఆ సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదని గట్టిగా నమ్మేవాడు. ఎమర్జెన్సీ పోయినా, మాటలు తగ్గించి పని పెంచమని చెప్పే బోర్డును మాత్రం ఆయన గోడ మీంచి దింపలేదు. ఒకరోజు ఆ బోర్డు కిందే నిలబడి క్రమశిక్షణ గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. పత్తి పింజె ఒకటి ఎగిరొచ్చి ఆయన మీసానికి ఎడమపక్క అంటుకుంది. చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన క్రమశిక్షణ అన్నప్పుడల్లా అది ఊగిందట.

ఎదురుగా నిలబడ్డ పనివాళ్ళ వరసలో ఒకామె ఉంది. ముప్పై దాటని మనిషి, నేను అక్కా అని పిలిచేదాన్ని. "సారూ, మీ ఎడమ పక్క మీసం రిటైరైనట్టున్నది. జర పింఛను ఇప్పియ్యుండ్రి," అని నవ్వింది. ఆమె నవ్వు మామూలు నవ్వు కాదు. మొదలైందంటే ఇక ఆమె చేతిలో ఉండదు. పొట్ట పట్టుకుని, పక్కనున్నవాళ్ళ భుజం మీద పడి, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వేది. వరస మొత్తం అందుకుంది. మేనేజరు మీసం తడుముకున్నాడు, చేతికొచ్చిన పింజెను చూసుకున్నాడు.

"నవ్వే ఆడిదాన్ని నమ్మద్దన్నరు పెద్దలు. రేపటి సంది నువ్వు రావద్దు," అన్నాడు.

"నవ్వద్దని ఆ బోర్డు మీద రాసి లేదు గద సారూ," అంది అక్క. దాంతో మళ్ళీ నవ్వారు. ఊడీ ఊడకుండా ఉన్న నౌకరి పూర్తిగా ఊడింది.

ఈ సంగతి మా నాయనకు చెప్తే బెల్లం తూచడం ఆపి నా వైపు చూశాడు. "నవ్వితె నౌకరి పోతదా? మనకు నవ్వకపోతె గిరాకి పోతది. నవ్వు నాలుగు విధాల చేటన్నోడు ఎన్నడు దుకాణం నడపలె," అన్నాడు. మా నాయన జీవితంలో మాట్లాడిన రాజకీయం అదొక్కటే.

అక్కకు మాత్రం పోయింది కూలి ఒక్కటే కాదు. మిల్లులో చేరకముందు, మొగుడు ఇంకో మనిషిని తెచ్చుకుంటే ఆమె తొర్రూరు దగ్గర పల్లెలో ఉన్న అన్న ఇంటికి చేరింది. అక్కడ తిండికి లోటు లేదు, తిట్టేవాళ్ళు లేరు. నవ్వితే మాత్రం ఇంటిల్లిపాదీ తల దించుకునేవారట, తండ్రితో సహా. "మొగడు ఇడిసిపెట్టినదానికి నవ్వెట్ల ఒస్తాంది," అని వదినె ఒకరోజు అడిగింది. మర్నాడే అక్క వరంగల్ బస్సెక్కేసింది. మిల్లు దగ్గర ఒక అర్ర కిరాయికి తీసుకుంది. "ఈ అర్రల నేను నవ్వితె ఎందుకని అడిగేటోడు లేడు. నౌకరి పోతె కిరాయి ఎట్ల గట్టాలె. మల్ల మా అన్న ఇంటికే పోవాలె," అని నాతో చెప్పింది. అది చెప్పేటప్పుడు ఆమె నవ్వలేదు.

తోటివాళ్ళు ఊరుకోలేదు. ఆమెను మళ్ళీ పనిలోకి తీసుకునేదాకా మిషన్ ముట్టబోమని గేటు ముందు కూర్చున్నారు. సమ్మె అన్నాక నాయకుడు కావాలి కాబట్టి ఒకాయన వచ్చాడు. ఆయన మంచివాడు. ఈ మాట ముందే చెప్పి పెట్టుకుంటే తర్వాత ఏమన్నా పాపం ఉండదు. జైలుకు పోయి వచ్చాడు, పెండ్లి చేసుకోలేదు, చాయ్‌లో చక్కెర కూడా మానేశాడు. ఇంట్లో ఏ భాష మాట్లాడేవాడో గానీ టెంటు కింద మాత్రం కరపత్రం మాట్లాడేవాడు. నవ్వినందుకు పనిలోంచి తీసేశారని నేను రాస్తే కొట్టేసి, తీవ్ర నిరసన తెలిపినందుకు అని దిద్దాడు.

"ఆమె నిరసన తెలపలేదన్నా, నవ్వింది," అన్నాను.

"శ్రామికవర్గం నవ్వదు చెల్లెమ్మా," అన్నాడు.

మరి అక్కది ఏ వర్గమని అడగబోయి నాలుక కరుచుకున్నాను. అప్పుడే ఆయన నియమం కూడా చెప్పాడు. టెంటు కింద నవ్వులుంటే జనం మన బాధను తేలిగ్గా తీసుకుంటారు, చూసినవాళ్ళ గుండె కరగాలి, అందుకని ఎవరూ నవ్వకూడదు. నవ్వే హక్కు కోసం సమ్మె, సమ్మెలో నవ్వు నిషేధం. ఈ తిరకాసు టెంటు కింద అందరికీ కనిపించింది, ఆయనకు తప్ప. కాపలా పని నాకు అప్పగించినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది.

మిల్లులో అందరికంటే పెద్దామెను పెద్దవ్వ అనేవారు. చుట్టుపక్కల ఏ పెండ్లిలోనైనా పాట ఎత్తుకునేది ఆమే. నా పదవి సంగతి విని దగ్గరికి పిలిచింది. "బిడ్డా, ఆవులింత ఒచ్చినా పండ్లు గనవడ్తయి. దానిక్కూడ నిన్ను అడగాల్నా?" అంది. నేను ఫక్కుమన్నాను. నాయకుడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ టెంటు కింద మొదటి నేరస్తురాలిని నేనే.

కొన్నాళ్ళకు ఆ టెంటు చావింటికి తీసిపోకుండా తయారైంది. దారిన పోయేవాళ్ళు ఆగి "ఎవలు పోయిండ్రు?" అని అడిగి, చెప్పులు విడిచి కాసేపు కూర్చుని పోయేవారు. ఒక ముసలామె అయితే అక్క మెడ పట్టుకుని శోకం ఎత్తుకుంది కూడా. ప్రజల్లో మద్దతు పెరుగుతోందని నాయకుడు సంతోషించాడు. అదీ నవ్వకుండానే. మద్దతు పెరిగిన కొద్దీ టెంటు ఖాళీ అయింది. "ఇంట్ల ఏడ్సుడు సాలదని ఈడికొచ్చి గూడ ఏడ్వాల్నా?" అంటూ ఒక్కొక్కరే లేచి మిల్లులోకి పోవడం మొదలుపెట్టారు. వాళ్ళను పిరికివాళ్ళనడానికి నాకు నోరు రాలేదు. మిగిలినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. "నా నోరు మంచిది గాదు," అని అక్క తనను తానే తిట్టుకుంటూ కూర్చునేది.

అది కనిపెట్టే మేనేజరు కబురంపాడు. అందరి ముందూ నిలబడి 'ఇగ నవ్వ' అని ఒక్క మాట చెప్తే తీసుకుంటాడట. నాయకుడు చాలాసేపు ఆలోచించి, "ఇది తాత్కాలికమైన వెనుకడుగు మాత్రమే," అన్నాడు. ఆ పూటే అక్క వాళ్ళన్న ఊరి నుంచి దిగాడు. నౌకరి పోయిన సంగతి ఎవరో చేరవేశారు. భుజాన తువ్వాల, మాట తక్కువ మనిషి. "నడువమ్మా, ఇంటికి పోదాం," అని మాత్రం అని, ఆమె బట్టల మూట చంకన పెట్టుకుని నిలబడ్డాడు. చూస్తేనే నాకు చిర్రెత్తింది.

"ఇగ నవ్వ అని చెప్పి లోపటికి పోతె ఆ మిల్లు గూడ మా అన్న ఇల్లే అయితది," అంది అక్క నాతో మెల్లగా. "అసల్ ఇంటికే పోత తియ్యి." లేచి కొంగు దులుపుకుంది. నాకు దుఃఖం ఆగలేదు.

అది మాఘమాసం, పెండ్లిళ్ళ కాలం. సరిగ్గా అప్పుడే మేనేజరు ఏదో పెండ్లికి తయారై గేటు బయటికి వచ్చాడు. పట్టు కండువా, నుదుట బొట్టు, అప్పుడే రంగు పడి నిగనిగలాడుతున్న మీసం. రిక్షా కోసం చూస్తూ నిలబడ్డాడు. పెద్దవ్వ ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసింది. పట్టు కండువాలో నిలబడ్డ మగమనిషిని చూసి ఊరుకోవడం ఆమెకు పుట్టుకతో రాలేదు. మా దిక్కు పెండ్లిళ్ళలో, ఎదుర్కోళ్ళప్పుడు, పిల్లవైపు ఆడవాళ్ళు పిల్లగాని వైపు వాళ్ళను పాటలతో ఆడిపోసుకుంటారు. కోపం తెచ్చుకున్నవాడు మనుషుల్లో లెక్క కాదు. నవ్వుతూ విని, ఏం కావాలో అడగమని, అడిగింది ఇచ్చి నోళ్ళు మూయించాలి. అదీ మర్యాద.

"పేరుగల్ల ఇయ్యంకుడు పెండ్లికొచ్చిండు," అని పెద్దవ్వ ఎత్తుకుంది. "ఎడమ పక్క మీసమాయె ఎండిన గడ్డి, కుడిపక్క మీసమాయె కుండల మసి."

టెంటు కింద ఎన్నాళ్ళుగానో బిగపట్టుకున్న నవ్వంతా ఒక్కసారి బయటపడింది. "ఆపండి, ఇది ఉద్యమం," అని నాయకుడు చేతులూపాడు. ఆయన చేతులూపిన తీరు తాళం వేస్తున్నట్టే ఉండటంతో ఇంకో నలుగురు గొంతు కలిపారు.

"పెట్టిన పెరుగన్నం పండ్లిగిలిచ్చిందని, పెండ్లి పందిట్ల పంచాతి పెట్టిండు."

తిండి వేళకు లోపల మిషన్లు ఆగాయి. పనిలోకి పోయినవాళ్ళు గేటు దగ్గరికి వచ్చి పాట విన్నారు, ఆ తర్వాత గేటు దాటి వచ్చి మాతో కూర్చున్నారు. చాయ్ హోటలు ఖాళీ అయింది, రిక్షావాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు. మేనేజరు ముఖం మొదట కందిపోయింది. కానీ ఎన్నో ఏండ్లు పెండ్లిపందిట్లో ముందు వరసలో కూర్చున్న మనిషి. మీసం తిప్పాడు, పెదవి వణికింది, ఇక ఆపుకోలేక నవ్వేశాడు. నవ్వి, అలవాటు కొద్దీ, "సాలు సాలు. ఏం గావాల్నో అడుగు ఇయ్యపురాలా," అన్నాడు.

అన్నాక గానీ తాను ఎక్కడ నిలబడ్డాడో ఆయనకు తెలిసిరాలేదు.

పెద్దవ్వ అక్క చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఆయన ముందు నిలబెట్టింది. "మా పిల్లను నీ ఇంటికి పంపుతానం. కండ్లల్ల వెట్టుకొని సూసుకో. నవ్వితె ఏమనకు," అంది.

"మాటిచ్చినవ్ సారూ," అన్నాడు ఒక రిక్షా ఆయన.

యూనియన్‌కు ఇచ్చిన మాట ఆయన ఎన్నోసార్లు తప్పాడు, ఆఫీసర్ల ముందు ఇచ్చిందీ తప్పాడు. కానీ పట్టు కండువా కప్పుకుని, నడిబజారులో వియ్యంకుడిగా ఇచ్చిన మాట తప్పి, ఇక ఏ పెండ్లికి ఏ ముఖం పెట్టుకుని పోతాడు? "పొమ్మను, పని జేసుకోమను," అని గొణిగి రిక్షా ఎక్కాడు.

ఉక్కు క్రమశిక్షణకు యాజమాన్యం తలవంచిందని నాయకుడు ఆ సాయంత్రమే కరపత్రం రాశాడు. నా దస్తూరి బాగుంటుందని దాన్ని నాచేతే సాపు రాయించాడు. ఆ తర్వాత నేను ఎన్నో టెంట్ల కింద కూర్చున్నాను. ఏడుపు ఒక్కటే పెట్టుబడిగా వేసిన టెంట్లు తొందరగా ఎత్తేశారు. ఒకరినొకరు ఆటపట్టించుకున్నచోట జనం మళ్ళీ మర్నాడు వచ్చారు. దీన్ని ఏ మీటింగులో చెప్పినా నవ్వులాటగా తీసుకున్నారు. ఏం చేస్తాం.

ఆ రోజు మేనేజరు రిక్షా కదలగానే అక్క గేటు దాకా పోయి వెనక్కి తిరిగింది. "అన్నా, నేను రాను. నువ్వు పో," అంది. పెద్దవ్వ చెవిలో ఏదో అనేసరికి మళ్ళీ ఆ నవ్వు మొదలైంది. పొట్ట పట్టుకుని, పెద్దవ్వ భుజం మీద పడి, నవ్వుతూనే లోపలికి పోయింది. అన్న మూట పట్టుకుని తల దించుకుని అట్లాగే నిలబడి ఉన్నాడు. నేను ఊరుకోలేకపోయాను.

"ఇంకెందుకు నిలబడ్డవన్నా? ఆమె నవ్వు మీ ఇంట్ల ఎవరికీ పడదు కదా," అన్నాను.

"పడక గాదు బిడ్డా," అన్నాడు. "గది మా అవ్వ నవ్వు. అచ్చం గట్లనే నవ్వుతుండె. ఇది పాలు తాగేటప్పుడే మమ్ముల గన్న అవ్వ పోయింది. ఇంట్ల ఆ నవ్వు ఇనవడ్తె మా నాయిన ఇప్పటికి పళ్ళెం ముందట్నుంచి లేసిపోతడు."

"ఆమెకు తెలుసా?"

"దానికి తెల్వది. ఎట్ల జెప్తం."

"చెప్పి పో," అన్నాను. ఆయన మూట కింద పెట్టి, సాయంత్రం మిల్లు విడిచేదాకా గేటు ముందు కూర్చున్నాడు.