చిన్నాయన కోసిన పడుగు

పోయిన ఆదివారం మా అన్న కూతురు నన్ను పెళ్లిళ్లు జరిగే ఒక మంగళ కార్యాలయానికి తీసుకెళ్లింది. పెళ్లికి కాదు. కొత్తగా వ్యాపారం మొదలుపెట్టే పిల్లలకు ధైర్యం నూరిపోయడానికి ఎక్కడి నుంచో ఒక పెద్దమనిషి వచ్చాడు. సోలాపూర్ ఎండలో సూటు వేసుకుని నిలబడ్డ మనిషిని చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన గంటసేపు అందరి చేతా చేతులెత్తించి అరిపించాడు. వెనక్కి వచ్చే దారి ఉంచుకున్నవాడు ముందుకు పోలేడట, రేపే ఉద్యోగాలు వదిలేయాలట. ఓడిపోయిన వాళ్లంతా ముందు మనసులోనే ఓడిపోయారట. హాలంతా చప్పట్లు. మా పిల్ల తువ్వాళ్ల కంపెనీ ఆఫీసులో పనిచేస్తూ, సాయంత్రాలు చద్దరు గుడ్డతో సంచులు కుట్టి అమ్ముతోంది. వాళ్లింట్లో నెలనెలా వచ్చే జీతం ఆమెదొక్కటే. ఆ ఉద్యోగం రేపే మానేస్తానని నా చెవిలో చెప్పింది. లేచి ఆ మైకు లాక్కోవాలనిపించింది నాకు. మర్యాద అడ్డొచ్చింది. ఆ మర్యాద మీద ఇప్పటికీ కోపంగానే ఉంది.

ఎందుకంటే ఆ మాటలు నేను చిన్నప్పుడే విన్నాను, సూటు లేకుండా. దాజీ పేట్‌లో అందరం కలిసి ఉన్న మా చిన్నాయన ఇంటి ముందు గదంతా మగ్గమే, మనుషులం దాని పక్కన సర్దుకునేవాళ్లం. చిన్నమ్మ గడప దగ్గర బీడీల చేట ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. తంబాకు వాసన, రంగు నూలు వాసన కలిసి మా బట్టలకు పట్టేసేవి. బడిలో పక్క పిల్ల నన్ను చూసి ముక్కు మూసుకునేది. వాళ్లింట్లోనూ అదే వాసన, అది వేరే సంగతి. చిన్నాయన ఏళ్ల తరబడి ఒక సావుకారు ఇచ్చిన నూలుతో చద్దర్లు నేసి ఆయనకే అప్పజెప్పేవాడు. ఒక ఏడు పూణే దుకాణదారుడొకడు గోడకు వేలాడదీసే బొమ్మల గుడ్డలు దీపావళికి కావాలని అడిగాడు. సొంత నూలు, సొంత నేత, సొంత పేరు! చిన్నాయనకు సంతోషంతో అన్నం సహించలేదు. ఆయనకొక స్నేహితుడుండేవాడు, హోటల్లో చాయ్ ముందు కూర్చుని లోకానికంతా బుద్ధులు చెప్పే రకం. సావుకారు గులామీ వదిలితే పూర్తిగా వదలాలని రోజూ వచ్చి ఎక్కించి పోయేవాడు.

మగ్గం ఎరగనివాళ్ల కోసం ఒక సంగతి చెప్పాలి. పాత పడుగు, అంటే నిలువు పోగుల వరుస, అయిపోవచ్చినప్పుడు చివరి జానెడు మగ్గం మీదే ఉంచుతారు. కొత్త పడుగు పోగుల్ని ఆ పాత పోగులకు ఒక్కొక్కటిగా అతికి లాగితే, పాతవి కొత్తవాటిని తమ వెంట దువ్వెనలాంటి పన్నె పళ్లలోంచి బయటికి తెస్తాయి. చిన్నాయనకు అది తెలియదా? ఊహ తెలిసినప్పటి నుంచి చేస్తున్న పనే. కానీ ఆ మిగిలిన జానెడు సావుకారు నూలు. మంచిరోజు చూసి కొబ్బరికాయ కొట్టి, కత్తెర తీసుకున్నాడు.

"ఇగ ఈ మగ్గం మీద సావుకారుది ఒక్క పోగు గూడ ఉండొద్దు" అని అడ్డంగా కోసేశాడు. స్నేహితుడు భుజం తట్టాడు. చిన్నమ్మ చేతిలో బీడీ ఆకు చిరిగింది.

ఇక ఖాళీ పన్నెలోకి వేల పోగుల్నీ, ఏది ఏ పంటిలోకో చూసుకుంటూ, మొదటి నుంచి ఎక్కించాలి. ఒకరు అందించాలి, ఒకరు లాగాలి. భుజం తట్టిన మహానుభావుడు మళ్లీ ఆ గడప తొక్కితే ఒట్టు. చిన్నమ్మే బీడీలు పక్కన పడేసి మగ్గం వెనక కూర్చుంది. కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ ఎక్కించింది. అప్పటికి దీపావళి దాటిపోయింది. దుకాణదారుడు సరుకు ఇంకెక్కడో తీసుకున్నాడు. ఆ తర్వాత చిన్నాయన బతికినన్నాళ్లూ ఇంకొకరి పవర్‌లూమ్ మీదే పనిచేశాడు. ఇదంతా ఒక ఎత్తు, ఆ స్నేహితుడు హోటల్లో కూర్చుని అన్న మాట ఒక ఎత్తు. "హిమ్మత్ తక్వ వడ్డది వానికి" అన్నాడు. అన్నం పెట్టే పడుగును చేతులారా కోసుకున్న మనిషికి ధైర్యం తక్కువైందట! వాడి నోరు పడిపోనూ. సూటాయన మర్యాదగా చెప్పిందీ అదే మాట. మునిగినప్పుడు పక్కన ఉండరు, పైగా మునిగినవాడి మనసుదే తప్పంటారు.

తిరిగొస్తూ ఆటోలో ఇదంతా మా పిల్లకు గొంతు చించుకుని చెప్పాను. ఆటో నడిపేవాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. బీడీ కార్మికుల కాలనీ, విడీ ఘర్కుల్ మలుపు తిరిగాం. అప్పుడు ఆమె నెమ్మదిగా అంది. "నౌకరి ఇప్పుడే ఇడువ, అత్తా. ఆర్డర్లు నిలవడ్డంక జూస్త. గానీ నువ్వెప్పుడు చూసినా చిన్నతాత కోసిన కథనే చెప్తవ్. చిన్నబాపమ్మ ఎక్కియ్యలేదా? ఆ కథ ఎందుకు చెప్పవ్?"

కోయడానికి చిన్నాయనకు ఒక్క నిమిషం పట్టింది, ఆ నిమిషాన్ని ఇన్నేళ్లుగా మా ఇంట్లో చెప్పుకుంటున్నాం. ఎక్కించడానికి చిన్నమ్మకు ఎన్ని రోజులు పట్టిందో మాత్రం మాలో ఒక్కరికీ గుర్తులేదు.