హల్వా ముందు, పాస్ తర్వాత

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీద ఉండేదని మా ఆవిడ అంటుంది గానీ, అది అన్యాయం. ముక్కు మీద కోపం ఒక తుమ్ముతో పోతుంది. నాది ఒంటినిండా ఉండేది. దానికి కారణం ఒమాన్ ఎండ కాదు, మా రూమ్‌లో ఎప్పుడు పడితే అప్పుడు ఆగిపోయే ఏసీ కాదు, నన్ను నిచ్చెన ఎక్కించి కింద పట్టుకోకుండా ఫోన్లో కబుర్లాడే హెల్పరూ కాదు. ఒక పరీక్ష. నెట్‌వర్కింగ్‌లో పెద్ద సర్టిఫికెట్ పరీక్ష. ఆ ప్రశ్నలు రాసే మహానుభావులు ఏ దేశంలో ఉంటారో తెలిసి ఉంటే వెళ్ళి నాలుగు మాటలు అడిగి వచ్చేవాణ్ణి. (ఇప్పటికీ అడగాలనే ఉంది. మోకాళ్ళ నొప్పుల వల్ల ఊరుకుంటున్నాను.)

సంగతేమిటంటే, సీబ్‌లో విల్లాలకీ, షాపులకీ, ఆఫీసులకీ నెట్ కేబుళ్ళు వేసి పెట్టెలు బిగించే కంపెనీలో నేను టెక్నీషియన్ని. టెక్నీషియన్‌కి కంపెనీ ఇచ్చేది రూమ్‌లో ఒక మంచం. ఇంజనీర్‌కి ఇచ్చేది ఫ్యామిలీ ఫ్లాట్. మంచానికీ ఫ్లాట్‌కీ మధ్య అడ్డంగా నిలబడింది ఈ సర్టిఫికెట్. మా ఆవిడేమో ఇబ్రాలో నర్సు. ఒకే దేశంలో ఉన్నాం, చెరో హాస్టల్లో ఉన్నాం. శుక్రవారం తనకి డ్యూటీ లేకపోతే బస్సెక్కి రువిలో చర్చికి వచ్చేది, నేను సీబ్ నుంచి వెళ్ళేవాణ్ణి. ప్రార్థన అయ్యాక హోటల్లో అన్నం తిని, మాల్‌లో చల్లగా ఉన్న బెంచీ ఒకటి చూసుకుని సాయంత్రం దాకా దాని మీదే కాపురం చేసేవాళ్ళం. ఆ ఏడాది తన కాంట్రాక్టు అయిపోవచ్చింది. ఇబ్రాలోనే ఇంకో సంతకం పెట్టాలి, లేదంటే వాళ్ళ ఆస్పత్రి సీబ్‌లో కొత్తగా తెరుస్తున్న క్లినిక్‌కి మారాలి. క్లినిక్‌లో హాస్టల్ లేదు. అంటే నేను పాసై ఫ్లాట్ తెచ్చుకుంటేనే తను సీబ్ వస్తుంది. లేకపోతే మళ్ళీ కొన్నేళ్ళు మాల్ బెంచీయే గతి.

పరీక్ష రాయనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. కంప్యూటర్ మీద ప్రశ్న వస్తుంది, జవాబు పెడతావు, కింద ‘నెక్స్ట్’ అని ఉంటుంది, నొక్కుతావు. అంతే. మళ్ళీ వెనక్కి వెళ్ళడానికి వీల్లేదు. మా స్కూల్లో లెక్కల మాస్టారు చండశాసనుడే, ఆయన కూడా పేపరు ఇచ్చేముందు ఒకసారి చూసుకోండిరా అనేవాడు. వీళ్ళకి ఆ పాటి దయ లేదు. మొదటిసారి నాలుగో ప్రశ్నకి ‘నెక్స్ట్’ నొక్కిన మరుక్షణమే అసలు జవాబు తట్టింది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఇక ఐదో ప్రశ్న చదువుతున్నాను గానీ బుర్రలో నాలుగో ప్రశ్నతోనే పోట్లాట. ఆరులో ఐదుతో, ఏడులో ఆరుతో. చివరికి టైము అయిపోయింది, ఇంకా ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. అప్పుడు ఫలితం చూపించకుండా, ‘మీ పరీక్షానుభవం ఎలా ఉంది?’ అని ఒక డబ్బా తెరుచుకుంది. అందులో మా గోదావరి జిల్లాలో చేపల బజారులో మాట్లాడే తెలుగంతా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిపెట్టాను. ఎవరో చదువుకుని ధన్యవాదాలు చెబుతూ మెయిల్ కూడా పంపారు.

రెండోసారి తప్పు నాది కాదు, మా ఫికర్ అన్నది. ఆయన కరీంనగర్ మనిషి, నా రూమ్మేటు, మా కంపెనీలోనే డ్రైవరు. లోకం తలకిందులైనా “ఏం ఫికర్ జెయ్యకు తమ్మీ” అంటాడు కాబట్టి ఆ పేరు. నేను ఫెయిలై మంచం మీద పడి ఉంటే, ఉద్యోగం మానేసి పోయిన ఇంజనీరు ఎవరో వదిలేసిన లావుపాటి పుస్తకం తెచ్చి నా పొట్ట మీద పెట్టాడు. “గిది జదివినోడు ఒక్కడు గూడ ఫెయిల్ గాలే తమ్మీ, నా మాటిను,” అన్నాడు. విన్నాను. బాత్రూం వంతు కోసం నిలబడి కూడా చదివాను. తీరా పరీక్షకి కూర్చుంటే అందులో సగం సంగతులు పరీక్షలోంచి ఎప్పుడో తీసేశారు. రూమ్‌కి వచ్చి ఆ పుస్తకం ఆయన మంచం మీదికి విసిరికొట్టాను. “మరి జదివినోడు ఫెయిల్ గాలే అన్నవు గదా?” అని ఆయన యాసలోనే అడిగాను. ఆయన కాస్త ఆలోచించి, “జదివినోడు నువ్వొక్కడివే తమ్మీ ఇప్పటిదాంక,” అన్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, చర్చి ఒక ఎత్తు. మా ఆవిడ నా పరీక్ష సంగతి ప్రార్థన విన్నపాల్లో పెట్టింది. అక్కడ కువైట్ అక్క అని ఒకావిడ ఉండేది. కడప నుంచి ముందు కువైట్ వెళ్ళి, అక్కడ నుంచి సీబ్‌లో ఒక విల్లాలో వంటపనికి వచ్చింది. ప్రార్థనలో ఆవిడ గొంతు ముందు మైకు దండగ. నెట్‌వర్క్ అంటే ఆవిడకి తెలిసిన అర్థం ఫోన్లో వచ్చే నెట్టే. అందరి ముందూ కళ్ళు మూసుకుని, “ప్రభువా, మా తమ్మునికి నెట్టు బాగా వచ్చేటట్టు చెయ్యి నాయనా, యాడికి పోయినా నెట్టు ఎగిరిపోకుండా కాపాడు తండ్రీ,” అని మొర పెట్టుకుంది. అందరూ ఆమేన్ అన్నారు. మా ఆవిడ కూడా అంది. నవ్వు ఆపుకోవడానికి చున్నీ నోట్లో కుక్కుకుని మరీ అంది. అది మొదలు ప్రతి శుక్రవారం కువైట్ అక్క మెట్ల దగ్గర కాపు కాసి, “ఏం నాయనా, ఈసారన్నా నెట్టొచ్చెనా?” అని అడిగేది. ఆవిడ వెనకాల నలుగురు తమ ఫోన్లు పట్టుకుని, వీడియో కాల్ కలవడం లేదు కాస్త చూడు తమ్ముడూ అని నిలబడేవారు. పుండు మీద కారం చల్లడమంటే అదే.

మూడోసారి బాగా చదివాను. ఇది నిజం, మా ఆవిడని అడగండి. అయినా పోయింది, అదీ వెంట్రుకవాసిలో. సెంటర్ బయట మండుటెండలో ఆ కాగితం పట్టుకుని నిలబడ్డాను. తన కాంట్రాక్టు సంతకానికి నెలాఖరే గడువు. ఏడవాలో ఎవరినైనా కొట్టాలో తెలియలేదు. అప్పుడు మా అర్బాబ్ ఫోన్ చేశాడు. అర్బాబ్ అంటే కంపెనీ యజమాని. మంచివాడు, ఒమానీ, హిందీ అరబ్బీ కలిపి మాట్లాడతాడు. సర్టిఫికెట్ ఉన్న ఇంజనీర్ కావాలని ఆయనకీ ఆశే. “ఇమ్తిహాన్ ఖలాస్?” అన్నాడు. పరీక్ష అయిపోయిందా అని. అక్కడ ఖలాస్ అంటే అయిపోయిందని. పని ఖలాస్, భోజనం ఖలాస్, డ్యూటీ ఖలాస్ అని నేనూ రోజంతా అనేవాణ్ణే. కానీ దుఃఖంలో మనిషికి గుర్తొచ్చేది అమ్మ భాషే కదా. మా ఊళ్ళో ఖలాస్ అంటే మనిషి పోయాడని అర్థం. “ఖలాస్ అర్బాబ్. నేను పూరా ఖలాస్,” అన్నాను. ఆయన ఏదో గట్టిగా అన్నాడు గానీ పక్క నుంచి లారీ పోతోంది, వినపడలేదు. పాపం, పెద్దమనిషి ఓదారుస్తున్నాడు అనుకున్నాను. రూమ్‌కి వెళ్ళి ఎవరితోనూ మాట్లాడకుండా ముసుగు తన్ని పడుకున్నాను.

పొద్దున్న ఆఫీసుకి వెళ్ళేసరికి నా బల్ల మీద హల్వా. ఒమానీ హల్వా, పెద్ద గిన్నె నిండా, కుంకుమపువ్వు వాసనతో. పక్కన కహ్వా, అంటే వాళ్ళ కాఫీ, పోసే కూజా. అర్బాబ్ స్వయంగా తెచ్చాడట. “మబ్రూక్, ముహందిస్!” అని నన్ను వాటేసుకున్నాడు. మబ్రూక్ అంటే అభినందనలు, ముహందిస్ అంటే ఇంజనీరు. నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. నా ‘పూరా ఖలాస్’ ఆయన చెవిలో ‘పరీక్ష గట్టెక్కేశాను’ అని పడిందని అర్థమయ్యేసరికి ఆఫీసంతా వేళ్ళు నాకుతోంది. ఫికర్ అన్న రెండోసారి వడ్డించుకుంటూ, “పాసై గూడ ముసుగు దన్ని పండుకున్నవ్. గింత గర్వం పనికిరాదు తమ్మీ,” అని నన్నే కోప్పడ్డాడు. అంతటితో ఆగాడా, ఆ గిన్నె పక్కన వెర్రిమొహం వేసుకున్న నన్ను ఫోటో తీసి మా ఆవిడకి పంపేశాడు.

అర్బాబ్‌కి చెబుదామని నోరు తెరిచేలోపే ఆవిడ ఫోన్. “పాసయ్యారంట. నాకు చెప్పకుండా హల్వా కూడా తినేశారు. సరేలెండి,” అంది. ఏడుస్తోంది, సంతోషంగా. “ఇప్పుడే మేట్రన్‌కి చెప్పేశానండీ, ఇబ్రా కాంట్రాక్టు మీద సంతకం పెట్టనని.” నేను పక్కనున్న కేబుల్ చుట్ట మీద కూలబడ్డాను. “ఫెయిలయ్యాను,” అన్నాను. “మరి హల్వా?” అంది. ఖలాస్ కథ చెప్పాను. ఆవిడ ఫోన్ పెట్టేసింది.

లేచి నేరుగా అర్బాబ్ గదిలోకి వెళ్ళి, అయ్యా మా భాషలో ఆ మాటకి అర్థం వేరు, నేను పోయాను అని చెప్పాను. ఆయన నా మొహం చూశాడు, గది అద్దాల తలుపులోంచి బయట ఖాళీ అవుతున్న గిన్నె వంక చూశాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడినా బాగుండేది. తిన్న హల్వా వెనక్కి అడిగే ఆచారం మా ఇంట్లో లేదు అని హిందీలో అని, వేలు చూపించి, “అవ్వల్ పాస్, బాదైన్ కలామ్,” అన్నాడు. ముందు పాసవ్వు, తర్వాతే మాట అని. నెలాఖరులోపు ఇంకోసారి రాయడానికి నా పేరు మీద ఫీజు కట్టించాడు.

సాయంత్రం మా ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. “మేట్రన్ పిలిచిందండీ. మీ ఆయన సంగతి తెలిసింది, ఇప్పటికైనా సంతకం పెట్టు, నీ మంచం నీకుంటుంది అంది. పెట్టనన్నాను.”

“నీకేమన్నా పిచ్చా? నేను మళ్ళీ పోతే నువ్వెక్కడుంటావు?”

“మీరే కదా రోజూ అంటారు, ఒకసారి నెక్స్ట్ నొక్కాక వెనక్కి ఉండదని. నేను నొక్కేశాను. ఇక మీ పని మీరు చూసుకోండి.”

అంత కోపం నాకు జీవితంలో ఎవరి మీదా రాలేదు. ఆవిడ మొండితనం మీద కోపం, అర్బాబ్ మంచితనం మీద కోపం, ఫికర్ అన్న ఫోటో మీద కోపం, అన్నిటినీ మించి నా నోటి మీద కోపం. ఆ కోపంతోనే చదివాను, ఆ కోపంతోనే వెళ్ళి కూర్చున్నాను. చిత్రమేమిటంటే, అంతా బయటివాళ్ళ మీదే ఖర్చయిపోయి, పరీక్ష మీద కోప్పడ్డానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. నాలుగో ప్రశ్న తప్పు పెట్టానని ‘నెక్స్ట్’ నొక్కగానే తెలిసింది. పోతే పోయింది, ఆవిడ అంతకంటే పెద్దదే నొక్కింది అనుకుని ఐదోది చదివాను. ఐదో ప్రశ్నని ఐదో ప్రశ్నలా చదవడం అదే మొదటిసారి. పాసయ్యాను. బయటికి రాగానే అర్బాబ్ ఫోన్. “ఖలాస్?” అన్నాడు అనుమానంగా. నేను ఆ మాట జోలికి పోకుండా, “పాస్, అర్బాబ్, పాస్,” అని పాడిందే పాడాను.

మా ఆవిడ పెట్టెతో ఫ్లాట్‌కి వచ్చిన రోజు అందులో ఒక పరుపు తప్ప ఏమీ లేదు. తలుపు తీసి, నాలుగు గోడలూ చూసి, ఫోన్ ఒకసారి పైకీ కిందికీ ఊపి, “ఏవండీ ఇంజనీరు గారూ, ఇక్కడ నెట్ రావట్లేదేంటి?” అంది. నిజంగానే రాలేదు, కనెక్షన్ రావడానికి ఇంకా టైముంది. కువైట్ అక్క ప్రార్థన ఏ గోడకి తగిలి ఆగిపోయిందో అని ఇద్దరం పరుపు మీద కూర్చుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం. చేతుల్లో పనికొచ్చే ఫోన్లు లేవు, పొద్దుపోయేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. మాల్ బెంచీ దగ్గరలాగా మమ్మల్ని లేవమనే సెక్యూరిటీ లేడు.

ఇప్పుడు అదే సీబ్‌లో ఇంకాస్త పెద్ద ఫ్లాట్. ఆ సర్టిఫికెట్‌కి గడువు తీరిపోయింది, కంపెనీలో ఒక్కడూ అడగలేదు (దాని మీద కూడా నాకు కోపమే). ఇంట్లో నెట్ దివ్యంగా వస్తుంది. ఆవిడ ఆ గదిలో తన ఫోన్లో ఉంటుంది, నేను ఈ గదిలో నా ఫోన్లో. ఏ సాయంత్రమో నేను మెల్లగా లేచి వెళ్ళి వైఫై పెట్టె వైరు కొంచెం లాగి వచ్చి కూర్చుంటాను. కాసేపటికి “ఏవండీ, నెట్ పోయింది,” అంటూ ఆవిడ హాల్లోకి వచ్చి నా పక్కన కూర్చుంటుంది. చూస్తున్నాను ఉండు, పెద్ద ప్రాబ్లమే, టైము పడుతుంది అంటాను. రోగులకి తగిలించిన వైర్లు చూసుకునే నర్సు కదా, ఎక్కడ ఏ వైరు ఊడిందో చూడగానే ఆవిడకి తెలిసిపోతుంది. అయినా, “తొందరేం లేదులెండి,” అంటుంది.