ముందు సీట్లో బెల్లం దిమ్మ

మా పెద్ద తోడల్లుడు పోయాడన్న కబురు వచ్చేసరికి నేను కె.కోటపాడులో మా ఎరువుల దుకాణం ముందు లారీ నుంచి బస్తాలు దింపిస్తున్నాను. ఫోన్ చేసింది మా ఆవిడ. ఆయన చోడవరంలో తన కళ్లజోళ్ల షాపులో మధ్యాహ్నం భోజనం చేసి, కుర్చీలో వెనక్కి వాలి, మళ్లీ లేవలేదట. గుండె ఆగిపోయిందన్నారు. గ్యాసు సిలిండరుకీ, కరెంటు ప్లగ్గుకీ, కుక్కకీ, ఎదురొచ్చే ఆటోకీ భయపడ్డ మనిషి, చావుకి భయపడే తీరిక లేకుండా వెళ్లిపోయాడు.

నేను ఇంటికి వెళ్లేసరికి మా ఆవిడ గుమ్మంలో కూలబడి ఏడుస్తోంది. ఆయన ఆవిడకి సొంత అక్క మొగుడు, ఏడవడం న్యాయమే. కానీ ఆ ఏడుపు చూస్తూ నిలబడ్డప్పుడు నాకొచ్చిన మొదటి ఆలోచన చెప్పేస్తాను, మీరేమనుకున్నా సరే. రేపు నేను పోతే ఈవిడ ఇందులో సగమైనా ఏడుస్తుందా అనుకున్నాను.

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. నేను అలా రాయబోవడం లేదు. ఆయనవి మామూలు కళ్లు, పైగా వాటికి సోడాబుడ్డి అద్దాలు. పెళ్లయిన నాటి నుంచీ నాకు ఆయనంటే అసూయ. మనిషి పోయాక తగ్గుతుందనుకున్నాను గానీ, శవం దగ్గరికి వచ్చిన జనాన్ని చూశాక ఇంకాస్త పెరిగింది. ఆయన దగ్గర కళ్లజోడు చేయించుకున్న ముసలివాళ్లందరూ వచ్చారు. ఆ అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని ఏడ్చారు. ఎరువులు కొన్నవాళ్లు నాకోసం అలా వస్తారా?

మా అత్తవారిది రావికమతం దగ్గర పల్లె. మామగారు లేరు, అత్తగారు ఒక్కరే. ఇద్దరు కూతుళ్లు, ఇద్దరు అల్లుళ్లం. ఆవిడ ఆయన్ని పెద్దబాబు అనేది, నన్ను చిన్నబాబు అనేది. ఆ ఇంటి వాకిట్లో ఆగిన మొదటి కారు మాత్రం చిన్నబాబుది. విశాఖపట్నంలో షోరూం నుంచి కొబ్బరికాయ కొట్టి తెచ్చాను. కొన్నేళ్లకి ఆయనా ఓ కారు కొన్నాడు. అదే కంపెనీ, అదే మోడలు, అదే తెల్ల రంగు. కాకపోతే అప్పటికే ఇద్దరు వాడి వదిలేసింది. ఇంతా చేస్తే ఆ ఊళ్లో జనం నా బండి చూసి "పెద్దబాబు బండిలాటిదే సిన్నబాబు కూడా కొన్నాడర్రా" అన్నారు. కడుపు మండదా మరి?

అత్తగారు ఆస్పత్రికి వెళ్లినా, పెళ్లికి వెళ్లినా ఆయన బండిలోనే. నేను తీసుకెళ్తానంటే "నీకెందుకు బాబూ శ్రమ, పెద్దబాబు వస్తన్నాడు కదా" అనేది. ఆవిడ ఎక్కిన రోజున తీద్దామని నా బండి వెనక సీటుకి షోరూంవాళ్లు వేసిన ప్లాస్టిక్ కవరు తియ్యలేదు. అది ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది.

ఆయన బండి నడపడం చూస్తే మీకు నిద్రొస్తుంది. ఎక్కేముందు చుట్టూ ఒకసారి తిరగాలి. కింద కుక్కపిల్లలు పడుకున్నాయేమోనని వంగి చూడాలి. చెరకు ట్రాక్టర్లు కూడా ఆయన్ని దాటుకుని ఫ్యాక్టరీకి వెళ్లిపోయేవి. ఇక చుట్టాల్లో ఎవరు ఏ ఊరు బయల్దేరినా, వాళ్లు ఇల్లు చేరే వేళకి ఆయన ఫోన్ వచ్చేది. "సేరేరా?" అంతే, ఇంకో మాట ఉండదు. ఎత్తకపోతే ఎత్తేదాకా చేస్తాడు. నాకు విసుగు. "సేరకపోతే నీకు కబురొస్తాది లే అన్నయ్యా" అన్నాను ఒకసారి. ఆయన నవ్వలేదు. ఆయన దహనం అయ్యాక మేమిద్దరం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాం. మా ఆవిడ ఫోన్ ఒళ్లో పెట్టుకుని దానివంక చూస్తూనే ఉంది. అది మోగలేదు.

ఇక ఆ కారు సంగతి. ఒకరోజు షాపులో పేపరు చదువుతుంటే ఆయనకి ఓ వార్త కనబడింది. ఫలానా పాత మోడలు కార్లలో ముందు ఎడమ సీటు ఎదుట ఉండే గాలిసంచి, అదే ఎయిర్‌బ్యాగ్, దాని లోపల ఓ ఇనప డబ్బా ఉంటుందట. ఏళ్లు గడిచి చెమ్మ పట్టిన కొద్దీ అందులో మందు పాడవుతుందట. గుద్దుకున్నప్పుడు సంచి తెరుచుకుంటే, కాపాడాల్సింది పోయి ఆ డబ్బాయే పగిలి ముక్కలు మొహం మీదికి వస్తాయట. అందుకని కంపెనీయే ఆ బండ్లని వెనక్కి పిలిచి, ఎంత పాతదైనా, ఎన్ని చేతులు మారినా, ఊరికే మార్చి ఇస్తోంది. మన సముద్రపు గాలికి చెమ్మ కొదవా? ఆయన ఆర్.సి. కార్డు మీద ఛాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైటులో కొట్టి చూసుకున్నాడు. ఉంది. అసలు కంపెనీ మొదటి ఓనరుకి ఎప్పుడో చెప్పిందట. వాడెక్కడున్నాడో, ఆ కబురు ఏమైందో. సర్వీస్ సెంటరుకి ఫోన్ చేస్తే సామాను రావడానికి టైము పడుతుందన్నారు.

అది వచ్చేదాకా ఆ సీట్లో ఎవరూ కూర్చోకూడదని ఆయన తీర్మానం. వద్దంటే వినే జనమా మనది? ముందు సీటు అంటే మర్యాద. అందుకని ఆయన ఓ బెల్లం దిమ్మని గోనెపట్టాలో చుట్టి, ఆ సీట్లో కూర్చోబెట్టి, దొర్లకుండా బెల్టు కట్టాడు. మొక్కుబడిగా దేవుడికిచ్చే బెల్లాన్ని పక్కకి జరిపి కూర్చునేవాడు మా వైపు ఎవడూ లేడు. నిజానికి అది దేవుడిదేం కాదు, బజార్లో కొన్నదే. కానీ ఎవరైనా అడిగితే "ఏమో, ఎవులికిస్తామో" అని ఊరుకునేవాడు.

నాకు ఈ సంగతేదీ తెలియకముందు ఆ దిమ్మతో పరిచయమైంది. అత్తవారి చుట్టాల గృహప్రవేశానికి వెళ్లాలి, నా బండి షెడ్డులో ఉంది. వాకిట్లో ఊరంతా చూస్తుండగా ఆయన బండి ముందు తలుపు తీశాను. చిన్నల్లుడిని కదా, ముందు సీటు నాదే. చూస్తే బెల్లం.

"తమ్ముడూ, నువ్వు ఎనక్కి ఎక్కు" అన్నాడాయన.

"ఏటన్నయ్యా, బెల్లానికి ముందు సీటు, అల్లుడికి ఎనక సీటా?"

జనం పకపక నవ్వారు. ఆయన ఏదో చెప్పబోయాడు, ఆ నవ్వుల్లో నేను వినలేదు. దారంతా ఆ దిమ్మ వెనక కూర్చుని, దాని మీద పాకే చీమల్ని చూస్తూ పళ్లు నూరుకున్నాను.

ఆ తర్వాత ఓ ఉదయం దుకాణానికి వస్తే, ఆయన నా బండి అద్దానికి ముక్కు ఆనించి నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో ఫోన్ లైటు, ఇంకో చేత్తో కళ్లజోడు ఎత్తి పట్టుకుని అద్దం మూల చెక్కిన ఛాసిస్ నంబరు చదువుకుంటున్నాడు. నంబరు ఫోన్లో అడిగితే నేను ఇవ్వలేదని, పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు.

"నీ బండికీ ఉంది తమ్ముడూ, ఆ సంచి జబ్బు" అన్నాడు, ఆ నంబరు ఫోన్లో కొట్టి చూశాక.

"నాది షోరూం బండి. నీ సెకండ్ హ్యాండ్ బండికి ఒస్తే నాకూ రావాలా?"

"జబ్బుకి షోరూమేటి? కంపెనీవోడే తప్పు ఒప్పుకుంటన్నాడు, మనకి నామోషీ ఏటి?"

నాకూ కంపెనీ మెసేజులు వచ్చే ఉంటాయి. ఏదో మోసమనుకుని తుడిచేసి ఉంటాను. అది ఆయనకి చెప్పలేదు. టీ తాగించి బస్సెక్కించాను.

అసలు రగడ ఆ నెలలోనే జరిగింది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, అనకాపల్లి డాక్టరుకి చూపించాలి. ఆ రోజు పెద్దబాబు షాపు వదిలి రాలేనన్నాడు. "అయితే సిన్నబాబు బండిలో ఎల్తాను" అందట ఆవిడ. ఆ ఒక్క మాటకి నేను పొద్దున్నే లేచి బండి కడిగాను, సెంటు బుడ్డి కొత్తది పెట్టాను. మా ఆవిడతో అత్తవారింటికి వెళ్లి, తాళం మేకుకి తగిలించి కాఫీ తాగి వచ్చి, ఆవిడని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు తలుపు తీశాను.

నా బండి ముందు సీట్లో బెల్లం దిమ్మ. బెల్టు కట్టుకుని కూర్చుంది.

ఆయన వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. షాపు మూసి వచ్చేశాడు. "ఎనక కూకోబెట్టి తీసుకెల్లు తమ్ముడూ. ఎనక భయం నేదు" అన్నాడు.

"నా బండిలో మా అత్త ముందే కూకుంటాది. నువ్వెవుడివి సెప్పడానికి?"

"నన్ను తిట్టు. కొట్టినా ఊరుకుంటాను. ఆ సీట్లో మాత్రం ఎవుల్నీ కూకోబెట్టకు."

నేను బెల్టు లాగేసి దిమ్మని ఎత్తి నేల మీదికి విసిరాను. అది రెండు చెక్కలయింది. కోళ్లు పరిగెత్తుకుని వచ్చాయి. అత్తగారు మా ఇద్దరి వంకా చూసి, "మీరు తేల్సుకోండి, నాను ఆటోలో ఎల్తాను" అని కర్ర పుచ్చుకుని రోడ్డు మీదికి వెళ్లిపోయింది. ఆటోకి తలుపే ఉండదు, ఇక సంచి మాట దేవుడెరుగు. అయినా ఆటోయే ఎక్కింది గానీ నా బండి ఎక్కలేదు.

ఆ రోజు తిరుగుప్రయాణంలో మా ఆవిడ వెనక సీట్లో ఎక్కింది. రోజూ నా పక్కన కూర్చునే మనిషి. ఏమిటిది అంటే "బావ సెప్పేడు కదా" అంది. పోట్లాడలేదు, మూతి ముడవలేదు. ఆ తర్వాత సంతకైనా, గుడికైనా వెనకే. ఆవిడ కదిలినప్పుడల్లా ఆ ప్లాస్టిక్ కవరు కరకరమనేది, నేను అద్దె డ్రైవరులా ఒక్కణ్ణీ ముందు. కట్టుకున్న మొగుడు ఏమీ కాదన్నా చెల్లలేదు, బావ ఒక్క మాట అంటే చెల్లింది. నన్ను ఆ కరకర లొంగదీసింది గానీ ఇనప డబ్బా భయం కాదు.

ఇద్దరి బండ్లకీ ఆయనే సర్వీస్ సెంటర్లో ఒకే రోజుకి రాయించాడు. సబ్బవరం మీదుగా విశాఖపట్నం, ముందు ఆయన, వెనక నేను, నా వెనక సీట్లో మా ఆవిడ. ఆయన వేగానికి నా కాలు బ్రేకు మీదే ఉండిపోయింది. తీరా వెళ్తే కౌంటరు దగ్గర అబ్బాయి, "సార్, ఇవాళ ఒక్కటే వచ్చింది. ఇంకోటి రాగానే ఫోన్ చేస్తాం. ముందు చెప్పుకున్నది మీరు కదా, మీ బండికి వేసెయ్యనా?" అని ఆయన్నడిగాడు.

"మా తమ్ముడి బండికి ఎయ్యండి. ఆడి పక్కన మడిసి కూకుంటాది. నా పక్కన బెల్లమే కదా."

అదిగో, ఆ మంచితనం కూడా ఆయన ఖాతాలోకే వెళ్లింది. నాకు వద్దు, నీకే వేయించుకో అనడానికి నోరు తెరిచాను. అప్పటికే అబ్బాయి నా తాళం తీసుకుపోయాడు. తిరిగి వస్తుంటే మా ఆవిడ నా పక్కన కూర్చుంది. ఇల్లు చేరేదాకా బావ గురించే మాట్లాడింది.

ఆ సంచి నా బండిలో ఎప్పుడూ తెరుచుకోలేదు. పాత డబ్బా పగిలేదో లేదో ఎవరికీ తెలియదు. ఆయన చేసిన మేలుకి చూపించడానికి ఏమీ లేదు. "భయపడితే పోయేదేటి తమ్ముడూ, నలుగురు నవ్వుతారు. నవ్వనీ" అనేవాడు. నవ్వినవాళ్లలో నేను ముందున్నాను. మా ఆవిడ ఇప్పటికీ నా పక్కన కూర్చుని మొహం నిండా ఎండ పడుతోందని గొణుగుతుంటే, ఆ గొణుగుడు వినబడటం నాకు ఎంత కావాలో ఆయనకి నాకంటే ముందు తెలిసింది. దానికి కృతజ్ఞత ఉంది. అలా ముందే తెలిసినందుకే అసూయ.

పెద్దకార్యం అయిన మర్నాడు ఆయన ఫోన్ మోగిందట. రెండో సామాను వచ్చింది, బండి తెమ్మని. మా వదిన నాకు తాళం ఇచ్చి, "మీరే తీసుకెల్లండి, ఆయన దానికోసమే సూసేరు" అంది. ముందు సీట్లో దిమ్మ అలాగే ఉంది. నేను విరగ్గొట్టిన రెండు చెక్కల్నీ ఆయనే ఒక్కచోట చేర్చి అదే గోనెలో చుట్టి, మళ్లీ బెల్టు కట్టి ఉంచాడు. సర్వీస్ సెంటర్లో దాన్ని తియ్యమంటే తీసి, పని అయ్యేదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కవాళ్లు ప్రసాదమా అని అడిగారు.

సాయంత్రానికి బండి చోడవరం తెచ్చాను. పెద్దకూతురి దగ్గర ఉండిపోయిన అత్తగారిని ఇక ఊళ్లో దింపాలి. ఆవిడ నా చేతి బండి ఎక్కడం అదే మొదలు, అయితే బండి మాత్రం ఆయనది. దిమ్మని గుమ్మం మీద పెట్టి, ఖాళీ అయిన ముందు సీటు తువ్వాలుతో తుడిచి, తలుపు తీసి పట్టుకున్నాను.

"ముందు కూకోండత్తా. కొత్తది ఏసేరు, ఇంక భయం నేదు."

ఆవిడ తలుపు పట్టుకుని ఆ సీటు వంక చూస్తూ నిలబడింది. తర్వాత మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"పెద్దబాబు సెప్పలేదు కదా బాబూ."

వెనక తలుపు తీసుకుని ఎక్కి, కర్ర కాళ్ల మధ్య పెట్టుకుంది. నాకు కోపం రాలేదు. నా మాట మీద అంత నమ్మకం ఈ లోకంలో ఒక్కరికి ఉన్నా బాగుండునని మాత్రం అనిపించింది. వెళ్లి గుమ్మం మీద దిమ్మని తెచ్చి ముందు సీట్లో పెట్టి బెల్టు కట్టాను. బండి చుట్టూ తిరిగాను, వంగి కిందికి చూశాను. నెమ్మదిగా పోనిచ్చాను. ఫ్యాక్టరీకి చెరకు దింపి వస్తున్న ట్రాక్టర్లు ఒక్కొక్కటే మమ్మల్ని దాటుకుని పోయాయి. రావికమతం మలుపులో దిమ్మ కొంచెం ఒరిగింది, ఎడమ చెయ్యి చాచి పట్టుకున్నాను.