తెలుగు రాని ఫాదర్ గారి వరస

దయ్యాలనీ గాలి చేష్టలనీ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పుట్టుకతో కథోలికురాలినే అయినా అద్భుతాల కబుర్లంటే నాకు చికాకు. కాబట్టి ఎవరినీ నమ్మమని ఇది రాయడం లేదు.

2003, ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్కాలం. ప్రత్తిపాడు దగ్గర మా ఊరి గుడికి అప్పుడే కేరళ నుంచి ఒక చిన్న వయసు ఫాదర్ గారు వచ్చారు. ఆయనకు తెలుగు రాదు. తెలుగు పూజంతా మలయాళం లిపిలో రాసుకున్న కాగితాలు చూసి చదివేవారు. మంచినీళ్ళు కావాలన్నా చేత్తో సైగే.

ఈస్టరుకు ముందు శనివారం పొద్దున చేసిన పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనాలకు ఇద్దరు ఫాదర్లు కూర్చున్నారు. మా గుడికి పెద్దయిన తెలుగు ఫాదర్, విచారణ గురువు గారి దగ్గర పట్టుమని పదిమంది లేరు. ముసలమ్మలంతా కేరళ ఫాదర్ గారి వరసలోనే. చెప్పింది దేవుడికి అర్థమవుతుంది, ఆయనకు కాదు, పరువూ నిలుస్తుంది. అదీ వాళ్ళ తెలివి. మా అమ్మా అందులోనే నిలబడింది, ఆమె వెనక నేను.

అమ్మ దాచుకున్నది ఒకటుందని నాకు ఆ రోజే తెలిసింది. పదకొండేళ్ళ క్రితం అమ్మమ్మ పోయినప్పుడు, ఏదో మాట పట్టింపుతో, మా పెద్దమ్మకు కావాలనే కబురు ఆలస్యంగా పంపింది. పెద్దమ్మ వచ్చేసరికి మట్టి చేసేశారు. తప్పంతా కబురు తీసుకెళ్ళిన మనిషి మీదకు నెట్టింది అమ్మ. ఆ రోజు నుంచి అక్కచెల్లెళ్ళకు మాటల్లేవు. ఏటా పాపసంకీర్తనంలో అన్నీ చెప్పి, ఈ ఒక్కటీ మింగి వచ్చేదట.

ఆ పొద్దున అమ్మ చాలాసేపు మోకాళ్ళ మీద ఉంది. లేచి వచ్చి, "పద, పేట బస్సెక్కుదాం. అక్క దగ్గరికి పొమ్మన్నారు," అంది. ఉండమని నేను నా వంతు ముగించుకున్నాను. నాకు ప్రాయశ్చిత్తంగా ఆయన, "మూడు మంగళవార్త జపం," అన్నారు, అదీ తడుముకుంటూ.

బస్సులో అమ్మ చెప్పింది. ఫాదర్ గారికీ మనకీ మధ్య ఉండే చెక్క జాలీ అవతల నుంచి గొంతు అచ్చం మన తెలుగులో మాట్లాడిందట. "దేవుడు నిన్నెప్పుడో మన్నించాడమ్మా. మీ అక్క దగ్గరికి పోయి తల చిక్కు తీసి రా. అదే నీ ప్రాయశ్చిత్తం."

చిలకలూరిపేటలో దిగి, ఆటోలో ఆ పల్లెకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంట్లోవాళ్ళు మిరపకోతలకు పోయారు. పెద్దమ్మ ఒక్కతే వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉంది. కుడిచెయ్యి పడిపోయింది. పక్షవాతం వచ్చి నెలయిందట, మాకెవరూ చెప్పలేదు. జుట్టు అట్టకట్టింది. కోడలు కత్తిరిస్తానంటే ఒప్పుకోలేదట.

అమ్మ గూట్లోంచి దువ్వెన, కొబ్బరినూనె తీసుకుని ఆమె వెనక కూర్చుంది. పాయ పాయగా విడదీస్తూ, చాలాసేపటికి, "కబురు నేనే ఆపానక్కా," అంది.

పెద్దమ్మ తల తిప్పలేదు. "తెలుసులేవే. మెల్లగా లాగు, నొప్పెడతంది," అంది.

కాసేపటికి ఎడమచెయ్యి వెనక్కి చాపి అమ్మ మోకాలు తడిమింది. నేను వాకిట్లోకి వెళ్ళి ఏడ్చాను.

మరుసటి ఆదివారం ఫాదర్ గారిని ఆపి చిక్కు అంటే తెలుసా అని అడిగాను. "చికెనా?" అన్నారు. అమ్మకు ఏం చెప్పారని కూడా అడిగాను. అక్కడ విన్నదీ అన్నదీ ప్రాణం పోయినా చెప్పకూడదని ఇంగ్లీషులో మెత్తగా అన్నారు. నిజమే, అడగడం నాదే తప్పు.

పెద్దమ్మ ఇంకో ఏడాది బతికింది. ఆ ఏడాదంతా అమ్మ ప్రతి శనివారం వెళ్ళివచ్చేది. ఆ గొంతు ఎవరిదని అమ్మ ఒక్కసారీ నన్నడగలేదు. నాకు మాత్రం ఇప్పటికీ తెలియదు.

ఫాదర్ గారికి బదిలీ అయ్యే ముందు నేను మళ్ళీ ఆయన వరసలో నిలబడ్డాను. నాకూ ఎవరికీ చెప్పనిది ఒకటుంది. చెప్పాను. చెప్పి, జాలీకి చెవి ఆనించి చాలాసేపు ఉన్నాను.