రెండు నిమిషాలు విని రాసిన సమీక్ష

జిల్లాలను విడదీసిన ఏడాది వేసవిలో నన్ను రాజమండ్రి ఎడిషన్ ఫీచర్స్ డెస్కుకు మార్చారు. అప్పటికి నేనొక తెలుగు దినపత్రికలో చీఫ్ సబ్ ఎడిటర్‌ని. పదవీ విరమణకు రెండేళ్ళుంది. రోజువారీ వార్తలు చూసే డెస్కు వేరు, ఫీచర్స్ డెస్కు వేరు. ఆదివారం పేజీలు, సాహిత్యం, వంటలు, సంగీతం మా పని. సంగీతం పేజీలో ‘కొత్త పాట’ అనే కాలమ్ నాకప్పగించారు. వారానికొక ఆల్బమ్, మూడు వందల మాటలు, చివర ఐదింటికి ఎన్ని నక్షత్రాలో వేయాలి. నేను ఇరవై ఏళ్ళపాటు సభల్లో కచేరీలు విని రాసినవాణ్ణి కాబట్టి ఆ పని నాకు కొత్త కాదని ఎడిషన్ ఇన్‌చార్జ్ అభిప్రాయం. నా అభిప్రాయమూ అదే.

ఆదివారం పేజీ గురువారం సాయంత్రానికి ముగించాలి. ముందుగా డమ్మీ గీస్తాం. అంటే ఏ అంశం పేజీలో ఎక్కడ, ఎంత జాగాలో వస్తుందో చూపే కాగితం. డమ్మీలో గీసిన గడి ఖాళీగా ఉండకూడదన్నది ఇన్‌చార్జ్‌గారి ఏకైక నియమం. ఆ వారం సమీక్షించాల్సిన సినిమా పాటల విడుదల వాయిదా పడింది. బుధవారం మధ్యాహ్నానికి నా గడి ఖాళీగా ఉంది. మెయిల్ పెట్టెలో వెతికితే భీమవరం నుంచి వచ్చిన ఒక ఉత్తరం కనిపించింది.

రాసినవాడి పేరు వీరబాబు. ఇంజనీరింగ్ చదువుకునేటప్పుడు కలిసిన నలుగురు స్నేహితులు కలిసి ఒక ఆల్బమ్ చేశారట. పేరు ‘మొగ’. ఏరు సముద్రంలో కలిసే చోటును మా తీరంలో మొగ అంటారు. మొత్తం ఏడు పాటలు. ఉత్తరం చివర ఒక విన్నపం ఉంది: దయచేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ముఖ్యంగా ఐదో పాట చివరిదాకా వినండి అని. పంపేవాళ్ళందరూ ఇలాంటివేవో రాస్తూనే ఉంటారు. నేను దాన్ని పట్టించుకోలేదు.

వాళ్ళు చేసినదాన్ని సైకెడెలిక్ ఇండీ రాక్ అంటారు. ఇండీ అంటే ఆడియో కంపెనీ ప్రమేయం లేకుండా సొంతంగా చేసుకున్నది. సైకెడెలిక్ అంటే గిటారు నాదాన్ని యంత్రాలతో సాగదీసి, ప్రతిధ్వనుల మీద ప్రతిధ్వనులు పేర్చి, వినేవాడికి జ్వరంలో కలగన్నట్టు అనిపించేలా చేసే పద్ధతి. అందులో పల్లవి, చరణం వెతికితే దొరకవు. నేను వెతికాను. ఆఫీసు కంప్యూటర్ స్పీకర్లలో, పక్క సీటులో ఫోన్లు మోగుతుండగా నాలుగు పాటలు విన్నాను. ఐదోది పదకొండు నిమిషాలు. పడవ ఇంజను మోత లాంటిది ఒకటి మొదలై తగ్గకుండా సాగింది. దాని కింద ఎవరో గొణుగుతున్నట్టుంది. రెండు నిమిషాలు విని ఆపాను. మిగతా రెండు పాటలూ అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క విని రాయడానికి కూర్చున్నాను.

ఐసు ఫ్యాక్టరీలో పడుకుని రేడియో విన్నట్టుందని రాశాను. ఐదో పాట గురించి, ఏదో సాఫ్ట్‌వేర్‌తో పుట్టించిన ఇంజను మోతనీ అర్థంకాని గొణుగుడునీ కలిపి పదకొండు నిమిషాలు భరించమంటున్నారని రాశాను. ఒక నక్షత్రం వేశాను. ‘ఐసు ఫ్యాక్టరీ సంగీతం’ అన్న శీర్షిక కూడా నాదే. అది పెట్టినప్పుడు నాకు సంతోషం కలిగిన మాట దాచను. గురువారం సాయంత్రం పేజీ వెళ్ళిపోయింది.

ఆదివారం నుంచి ఫోన్లు వచ్చాయి. నా కాలమ్‌కి అంతకుముందెప్పుడూ అన్ని రాలేదు. బాగా తలంటారండీ అన్నారు చాలామంది. సోమవారం సమావేశంలో ఇన్‌చార్జ్‌గారు నా పేరు చెప్పి మరీ మెచ్చుకున్నారు. ఆ వారంలోనే బెంగళూరు నుంచి నడిచే ఒక ఇంగ్లీషు సంగీత వెబ్‌సైట్ అదే ఆల్బమ్‌ని ఆకాశానికెత్తింది. ఐదో పాటలో వినిపించే గొంతు సముద్రానికి జాలరులు పాడే పాత ప్రార్థన అనీ, మరుగున పడుతున్న జానపదాన్ని ఈ కుర్రాళ్ళు బతికించారనీ అందులో రాశారు. వాళ్ళు గొప్పదన్నారు, నేను చెత్తన్నాను. రెండు వైపులా పాఠకులు వాదించుకున్నారు. విమర్శకుడిగా అది నాకు గౌరవంగానే తోచింది.

ఇంతలో ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ మొదలయ్యాయి. నా శీర్షికను పేరుగా పెట్టుకుని ఎవరో ఐదో పాటలోంచి ఒక ముక్క కత్తిరించారు. అందులో ఒక మగ గొంతు ‘గాలి ఎక్కువుందిరా’ అంటుంది. దాన్ని గిర్రున తిరిగే ఫ్యాను మీదా, పంచె ఎగిరిపోతున్న పెళ్ళికొడుకు మీదా, పరీక్ష తప్పిన విద్యార్థి మీదా అతికించి నవ్వుకున్నారు. నాకూ ఒకరు పంపారు. నేనూ నవ్వాను. ఆ గొంతు పాటలో ఎక్కడుందో అప్పటికీ నాకు తెలియదు. వెక్కిరించినవాళ్ళు నాకంటే ఎక్కువసేపు విన్నారు.

పదిహేను రోజుల తర్వాత నరసాపురం నుంచి మా కంట్రిబ్యూటర్ ఫోన్ చేశాడు. కంట్రిబ్యూటర్ అంటే జీతం లేకుండా వార్తల లెక్కన పనిచేసే గ్రామీణ విలేకరి. అతని పేరు సూర్యనారాయణ. పదేళ్ళుగా పరిచయం.

“సార్, మీరు సమీక్ష రాసిన ఆ పాటలో గొంతు ఎవరిదో తెలుసాండీ?” అని అడిగాడు.

తెలియదన్నాను.

“ఆ పాటలు పంపిన వీరబాబు నాన్నదండి. మూడేళ్ళ కిందట మొగ దాటుతుంటే బోటు తిరగబడింది చూడండి, ఆ వార్త నేనే పంపాను. ముగ్గురు ఒడ్డుకొచ్చారు. ఈయన శవం దొరకలేదు. నిన్న చేపల బజార్లో ఎవడో ఆ రీల్ పెట్టుకుని నవ్వుతుంటే వాళ్ళమ్మగారు విన్నారండి. అక్కడే పడిపోయారు.”

ఫోన్ పెట్టేసి, డెస్కులో ఒకరి హెడ్‌ఫోన్స్ అడిగి తీసుకుని, ఐదో పాట మొదటినుంచీ విన్నాను. ఆరు నిమిషాల దాకా ఇంజను మోత, దాని మీద గిటారు, దాని మీద మరో గిటారు. ఏడో నిమిషంలో ఒక్కొక్కటే తప్పుకుంటాయి. చివరికి గాలి, ఇంజను, మనిషి గొంతు మాత్రమే మిగులుతాయి. ‘మొగ దాటుతున్నాంరా. గాలి ఎక్కువుందిరా. అన్నం తిన్నావా? రేపు మధ్యాన్నానికి వచ్చేస్తానని అమ్మకి చెప్పు.’ అంతే. తర్వాత నాలుగు నిమిషాలు సన్నగా ఒకే ఒక స్వరం సాగి ఆగిపోతుంది. నేను గొణుగుడన్నది ఈ గొంతునే. ప్రతి మాటా స్పష్టంగా ఉంది.

మర్నాడు సెలవు పెట్టి, నిడదవోలులో రైలు మారి నరసాపురం వెళ్ళాను. సూర్యనారాయణ ఆటో మాట్లాడి నన్ను వాళ్ళ ఊరికి తీసుకెళ్ళాడు. వీరబాబు వాకిట్లో నిలబడి ఉన్నాడు. పాతికేళ్ళుంటాయి. నేనెవరో చెప్పాను. కోపగించుకుంటాడనుకున్నాను. కుర్చీ తెచ్చి వేశాడు.

ఆ మాటలు తండ్రి పడవలోంచి పంపిన వాయిస్ మెసేజ్ అనీ, అది మూడేళ్ళుగా తన ఫోన్‌లోనే ఉందనీ చెప్పాడు. తల్లికి ఎప్పుడూ వినిపించలేదట.

“ధైర్యం చాల్లేదండి. ఉత్తినే వినిపిస్తే తట్టుకోలేదేమో, పాటలో పెట్టి, తద్దినం రోజున పక్కన కూర్చుని వినిపిద్దామనుకున్నా. అందుకే చేశామండి ఆ ఆల్బమ్ అంతా. ఇంకో నెలుంది తద్దినానికి.”

అలాంటప్పుడు ముందే ఎందుకు విడుదల చేశారని అడిగాను. స్నేహితులు ఏడాది కష్టపడ్డారనీ, వాళ్ళను ఇంకా ఆపలేకపోయాననీ అన్నాడు. ఈ పాటలు తన తల్లి దాకా వస్తాయని అతను అనుకోలేదు. నా సమీక్ష రాకపోతే వచ్చేవి కావు కూడా.

నేను క్షమాపణ చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు.

“మీరు తిట్టినందుకు కాదండి. బెంగళూరోళ్ళు మెచ్చుకుంది కూడా మా నాన్నని కాదు కదండీ. ఏదో ప్రార్థనన్నారు. చివరిదాకా వినండని ఇద్దరికీ రాశాను.”

తల్లి నాగమణిగారు లోపల మంచం మీద ఉన్నారు. ముప్పై ఏళ్ళుగా నరసాపురం బజారులో చేపలు అమ్మిన మనిషి. పడిపోయినప్పుడు చెయ్యి విరిగి కట్టు కట్టారు. నేను పత్రికలో పనిచేస్తానని సూర్యనారాయణ చెప్పాడు. ఆమె నన్ను ఒక్కటే అడిగారు.

“మీరు రాశారంట కదండీ. ముందు మొత్తం విన్నారా?”

లేదండి అన్నాను.

“మరి నేనూ వినలేదండి. ఆ ఒక్క ముక్కే విన్నా. ముందు ఇంజను గుర్తుపట్టా. మా బోటుదే. ఆ తర్వాత ఆయన. చుట్టూ నవ్వుతున్నారు. ఆయన ఇంకేమన్నా అన్నాడేమో, మా వోడు చెప్పట్లేదు. వీడితో నేను మాట్లాడటం మానేశాను. మూడేళ్ళు దాచాడండి నా దగ్గర.”

ఆయన ఇంకేమన్నారో నాకు తెలుసు. చెప్పవలసింది నేను కాదనిపించింది. వాకిలి వైపు చూశాను. వీరబాబు అక్కడ లేడు. ఆమె మళ్ళీ అన్నారు.

“ఆ ఫోన్లలోంచి తీసేయించండి. పత్రికోళ్ళు కదా, మీ మాట వింటారు.”

ప్రయత్నిస్తానని చెప్పి వచ్చాను. తెలిసినంతవరకు ఆ పేజీలు నడిపేవాళ్ళకు రాశాను. కొందరు తీసేశారు. కొందరు జవాబివ్వలేదు. తీసేసినవి వేరే పేర్లతో మళ్ళీ వచ్చాయి.

ఆఫీసులో సవరణ వేద్దామన్నాను. ఇన్‌చార్జ్‌గారు ఒప్పుకోలేదు. సమీక్ష అభిప్రాయం కాబట్టి దానికి సవరణ ఉండదనీ, సమాచారం తప్పయితేనే సవరణ వేస్తామనీ అన్నారు. ఆ నియమం ప్రకారమే నేను వాదించాను. సాఫ్ట్‌వేర్‌తో పుట్టించిన మోత అని రాయడం అభిప్రాయం కాదు, తప్పు సమాచారం అన్నాను. ఆయన రెండు వాక్యాలకు ఒప్పుకున్నారు. గొంతు ఎవరిదో రాయవద్దని వీరబాబు కోరాడు. అందువల్ల ఆ శబ్దం నిజమైన పడవ ఇంజనుదని మాత్రం పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేశాం. ఒక్క ఫోన్ కూడా రాలేదు.

ఆల్బమ్‌ని ఆ కుర్రాళ్ళు అన్ని చోట్ల నుంచీ తొలగించారు. నలుగురూ విడిపోయారు. ఒక స్నేహితుడు నా మీద కంటే వీరబాబు మీదే ఎక్కువ కోపంతో ఉన్నాడని తర్వాత విన్నాను. తల్లికి తెలియదన్న సంగతి చెప్పకుండా అందరినీ దీంట్లోకి దించాడని అతని బాధ. వీరబాబు భీమవరంలో రొయ్యల మేత తయారుచేసే కంపెనీలో చేరాడు. తద్దినం జరిగింది. ఆ రోజు తల్లికి పాట వినిపించాడా అని సూర్యనారాయణను అడిగాను. ఆమె వద్దన్నారట. అన్నం తిన్నావా అని తండ్రి అడిగిన సంగతి ఆమెకు ఈనాటికీ తెలియదేమో. నాకు తెలుసు. పాట విన్న అపరిచితులు చాలామందికి తెలుసు.

ఆ సమీక్షలోని అభిప్రాయం మార్చుకున్నానా అని మిత్రులు అడుగుతారు. మిగతా ఆరు పాటలు తర్వాత పూర్తిగా విన్నాను. రెండు బాగున్నాయి, నాలుగు బాగాలేవు. ఇప్పుడు రాసినా అదే రాస్తాను. నా తప్పు అభిప్రాయంలో లేదు. విననిదాన్ని విన్నట్టు రాశాను, తెలియనిదానికి పేరు పెట్టాను, ఆ పేరు నలుగురి నోళ్ళలో నానేలా పెట్టాను.

ఆ తర్వాత కాలమ్ నడిచినన్నాళ్ళూ రెండు నియమాలు పాటించాను. చివరిదాకా విననిదాని మీద రాయలేదు. వినిపిస్తున్నది ఏమిటో తెలియనప్పుడు చేసినవాళ్ళకు ఫోన్ చేసి అడిగాను. దానివల్ల కొన్ని గురువారాలు నా గడి ఖాళీగా ఉండిపోయింది. ఆరు నెలల తర్వాత ఇన్‌చార్జ్‌గారు ఆ కాలమ్‌ని ఎత్తేసి అక్కడ వంటల పేజీని పొడిగించారు. ఆయన నిర్ణయంలో తప్పు లేదు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే: పాఠకుడికి సమీక్ష పది నిమిషాల కాలక్షేపం, మనకు ఒక వారం పని. ఎవరి గురించి రాశామో వాళ్ళకు అది ఎంతకాలం ఉంటుందో మన చేతిలో లేదు. నేర్చుకున్నది నాకు పనికొచ్చింది. నాగమణిగారికి ఏ విధంగానూ పనికిరాలేదు.